పోరస్ ఏనుగులు ఎన్ని? రెండడుగుల బల్ల చెప్పే లెక్క

క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదుర్కొన్నప్పుడు పోరస్ దగ్గర 200 ఏనుగులు ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు. వాటిని కాలిబలం ముందు వరుసగా నిలబెట్టారనీ, ఏనుగుకూ ఏనుగుకూ మధ్య కనీసం 100 అడుగుల ఎడం ఉందనీ కూడా చెప్పాడు. చదువుకుంటూ పోతే ఈ రెండు అంకెల్లోనూ తేడా కనిపించదు. గుణించి చూస్తేనే చిక్కు తెలుస్తుంది. 200 ఏనుగులు, 100 అడుగులు, వెరసి 20,000 అడుగులు. అంటే దాదాపు 6 కిలోమీటర్ల పొడవైన వరుస.

నాకు ఈ గుణకారం తట్టింది పుస్తకం ముందు కాదు, బొమ్మల ముందు. ప్రాచీన యుద్ధాలను చిన్న చిన్న లోహపు బొమ్మలతో బల్ల మీద ఆడే వార్‌గేమ్ ఒకటుంది. దానికి నియమావళులు చాలానే ఉన్నాయి. నేను ఆడేది 1990లో బ్రిటన్‌లో వచ్చిన 'డీబీఏ'. పూర్తి పేరు 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్', రచయితల్లో ముఖ్యుడు ఫిల్ బార్కర్. ఇందులో ఒక్కో సైన్యానికి 12 పీటలే. నిలువెత్తు మనిషిని 15 మిల్లీమీటర్లకు కుదించిన బొమ్మలను 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పీట మీద అతికిస్తారు. రెండడుగుల చదరపు బల్ల చాలు. గంటలో ఆట తేలిపోతుంది. శత్రువు కంటే ఎక్కువ నష్టపోయి, 12 పీటల్లో 4 పోగొట్టుకున్నవాడు ఓడినట్టు.

ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబలం. చతురంగ బలాలన్న మాట మనకు కథల్లో వినీ వినీ అలవాటైపోయింది. ఆ నాలుగూ ఒకే బల్ల మీద నిలబడితే ఎంత చోటు కావాలన్నది మాత్రం కొలిచేదాకా తెలియదు.

అందుకే ఓసారి ఆట పక్కన పెట్టి బల్ల అంచున కాగితం పట్టీ పరిచాను. సెంటీమీటరుకు 100 మీటర్ల కొలత పెట్టుకున్నాను. పోరస్ ఏనుగుల వరుస 60 సెంటీమీటర్లు వచ్చింది, అంటే బల్ల ఈ చివర నుంచి ఆ చివరి దాకా. రెండు పక్కలా నిలబడాల్సిన గుర్రపు దళానికీ, దాని ముందు రథాలకూ చోటే లేదు. ఇక అటు వైపు చూద్దాం. నది దాటి అలెగ్జాండర్ వెంట వచ్చింది 6,000 కాలిబలం, 5,000 గుర్రాలు అని అదే అరియన్ లెక్క. ఆ 6,000 మందిని 8 వరుసల లోతున నిలబెడితే ముందు వరుసలో 750 మంది. మనిషికి 3 అడుగులిస్తే 2,250 అడుగులు, దాదాపు 690 మీటర్లు. కాగితం మీద 7 సెంటీమీటర్లు. ఇటు 60, అటు 7. గుర్రపు దళాన్ని కలుపుకున్నా ఈ రెండు వరుసలూ ఎదురెదురుగా ఇమడవు.

అంటే ఏదో ఒక అంకె సడలాల్సిందే. మిగతా ప్రాచీన చరిత్రకారుల్లో డయొడోరస్ 130 ఏనుగులన్నాడు. కర్టియస్ 85 అన్నాడు. 85 అయితే అదే ఎడంతో వరుస 2.6 కిలోమీటర్లకు తగ్గుతుంది, పట్టీ మీద 26 సెంటీమీటర్లు. నా మొగ్గు 85 వైపే. 26 కూడా 7 ముందు పెద్దదే కాబట్టి, ఎడం 100 అడుగులన్న మాట మీద కూడా నాకు నమ్మకం తక్కువ.

ఇక పాచికల సంగతి. ఈ ఆటలో వంతు వచ్చినవాడు ఒక పాచిక వేస్తాడు, ఎంత పడితే అన్ని కదలికలే. 1 పడిందంటే మొత్తం సైన్యంలో ఒక్క పీటో, ఆనుకుని ఉన్న ఒక్క గుంపో కదులుతుంది. సేనాపతి అరుపు అందరికీ వినబడదన్న సంగతి ఇంతకంటే సూటిగా చెప్పిన నియమం నేను చూడలేదు. పోరు తేల్చేటప్పుడు ఇద్దరూ చెరో పాచిక వేసి తమ బలానికి కలుపుకుంటారు. ఏనుగు బలం 4, ఈటెలు విసిరే తేలిక దళం బలం 2 అనుకుందాం. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. వాటిలో ఈటెలవాళ్లు గెలిచేది 6 సార్లే. అదే ఏనుగుకు రెండు పక్కలా శత్రువు పీటలు ఆనుకుంటే పక్కకు 1 చొప్పున బలం తగ్గుతుంది. అప్పుడు 36లో 15 సార్లు ఏనుగే ఓడుతుంది. మిగతా దళాలు చాలావరకు ఓడితే వెనక్కి తగ్గుతాయి. తేలిక దళం చేతిలో ఓడిన ఏనుగును మాత్రం బల్ల మీద నుంచి తీసేయాల్సిందే. జీలం ఒడ్డున జరిగింది కూడా అదేనంటాడు అరియన్: చుట్టూ చేరి మావటీలనూ ఏనుగులనూ ఈటెలతో కొట్టారు, చోటు చాలక ఏనుగులు సొంత మనుషులనే తొక్కాయి.

ఇదంతా రాసిపెట్టుకోకపోతే ఆట అయిపోయిన మర్నాటికే కరిగిపోతుంది. నా నోట్‌బుక్‌లో ఒక్కో వంతుకు ఒక్కో గీత: ఎంత పడింది, ఏది కదిలింది, ఏది పోయింది. ఫొటో ప్రతి వంతుకూ ఒకటి, ఎప్పుడూ ఒకే మూల నుంచి. మొన్నటి ఆటలో 5వ వంతు దగ్గర ఇలా ఉంది: "పాచిక 1. ఎడమ ఏనుగును మళ్లించాను, రథం ఆగిపోయింది. ఏనుగు పోయింది." ఎదురు కూర్చున్న మిత్రుడు రెండు ఏనుగులు పోయాయని గట్టిగా అన్నాడు. ఫొటో తీసి చూశాం. ఒకటే.

ఇది గంట ఆట గురించి, అదే గదిలో కూర్చున్న ఇద్దరి జ్ఞాపకం. అలెగ్జాండర్ వెంట ఉన్న టాలెమీ, అరిస్టోబులస్ ఇద్దరూ ఆ దండయాత్ర గురించి రాశారు. పోరస్ కొడుకు తెచ్చిన రథాలు 120 అని ఒకరు, 60 అని ఒకరు. వాళ్ల పుస్తకాలు మనకు మిగల్లేదు. నాలుగు శతాబ్దాలు దాటాక అరియన్ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి రాశాడు కాబట్టే ఆ తేడా తెలిసింది. అలెగ్జాండర్ కాలిబలంలో చనిపోయింది దాదాపు 80 మంది అని అరియన్, 700కు పైనే అని డయొడోరస్. ఇక్కడ నేను డయొడోరస్‌నే నమ్ముతాను. ఏనుగుల వరుసను ఢీకొన్న కాలిబలానికి 80తో సరిపోయిన ఆట నా నోట్‌బుక్‌లో ఒక్కటీ లేదు.

వచ్చే ఆదివారం 85 ఏనుగులే, ఎడం మాత్రం 50 అడుగులు. పట్టీ 13 సెంటీమీటర్లకు కత్తిరించి పెట్టాను.