హృద్రోగులు కోలుకొను శిక్షణకు రాకపోవుటకు కారణములు

గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడినవారికి ఆసుపత్రి విడుచుటతోనే చికిత్స ముగియదు. అటుపిమ్మట కొన్ని వారములపాటు వైద్యుల పర్యవేక్షణలో నడక, వ్యాయామము, ఆహారనియమము, పొగాకు మానుట, మందుల వాడుక, మనోధైర్యము మున్నగువానిని అలవరచు శిక్షణ యొకటి కలదు. దానికి కార్డియాక్ రిహాబిలిటేషన్ అని పేరు. తెలుగున కొందరు 'హృదయ పునరావాస' మందురు. పునరావాసమనగా జలాశయమున ఊరు మునిగినవారికి వేరొకచోట ఇండ్లు కట్టించుటయని మనవారికి స్ఫురించును గనుక, 'కోలుకొను శిక్షణ' యనియే వ్రాయుచున్నాను.

దీని మేలు నిరూపితమైనదే. పెక్కు పరిశోధనలను కూర్చి పరిశీలించిన 2021 నాటి కాక్రేన్ సమీక్ష, వ్యాయామ శిక్షణ పొందినవారిలో గుండెజబ్బు మరణములు సుమారు నాలుగవ వంతు తగ్గినవని తేల్చినది. అయినను సంపన్న దేశములందు సైతము అర్హులలో సగము మందియైనను చేరుటలేదు.

మొదటి కారణము భయము. 'కదలవద్దు, మెట్లెక్కవద్దు' అని ఇంటివారు రోగిని మంచమునకు అంటగట్టుదురు. దీనిని అజ్ఞానమని తీసివేయరాదు. ఒకప్పుడు వైద్యులే వారముల తరబడి మంచము దిగవలదని శాసించెడివారు. 1952లో బోస్టనులో లెవైన్, లౌన్ అను వైద్యులు రోగులను కుర్చీలో కూర్చుండబెట్టవచ్చునని ప్రకటించుటయే నాడు సాహసముగా తోచినది. వైద్యులు విడిచిన మాటను మన ఇండ్లు ఇంకను విడువలేదు.

రెండవది, చెప్పువారు లేకపోవుట. కెనడాలోని ఒంటారియోలో 2011లో ప్రకటింపబడిన పరిశోధన ఈ సంగతిని స్పష్టపరచినది. వైద్యుని ఇచ్చకు విడిచినచోట నూటికి 32 మందినే శిక్షణకు పంపిరి. పంపుట దానంతట జరుగు ఏర్పాటు చేసి, ఒక మనిషి రోగితో కూర్చుండి వివరించినచోట 85 మందికి పైగా పంపబడిరి. పిలుపు తీరు మారగా ఫలితము మారినది.

దూరమును, కూలియు చిన్న అడ్డంకులు కావు. మా హోసూరు నుండి బెంగుళూరునకు సుమారు 40 కిలోమీటర్లు. వారమునకు మూడు మారులు చొప్పున 12 వారములు పోయి వచ్చినచో 2,880 కిలోమీటర్లగును; వెంట పోవు కొడుకునకు 36 దినముల పని పోవును. స్త్రీలు మరింత తక్కువగా చేరుదురు. వంటయిల్లు వారికి సెలవీయదు.

ఇంటనే సాధన చేయుటకు వీలైన మార్గమును మన దేశమువారు పరీక్షించిరి. 24 వైద్యకేంద్రములలో 3,959 మందితో జరిపిన యోగా-కేర్ పరిశోధన 2020లో వెలువడినది. మరణములు, తిరిగి గుండెపోట్లు తగ్గినట్లు అది నిరూపింపజాలలేదు. కాని యోగశిక్షణ పొందినవారు మునుపటి పనులకు మెరుగుగా మరలిరి.

మావంటి చోట్ల వేరొక కారణము కలదు. తెలుగు బడిలో చదివిన మా పెద్దలు తమిళ, కన్నడములు మాటలాడగలరు గాని చదువలేరు. వారి మనుమలు తమిళము, ఆంగ్లము చదువుదురు గాని చదివినదానిని తెలుగున చెప్పబోయి తడబడుదురు. గులాబీ తోట సాగుచేయు పెద్దమనిషి యొకరు బెంగుళూరున స్టెంటు వేయించుకొని వచ్చిన మూడు నెలలకు ఆసుపత్రి కాగితము నాయొద్దకు తెచ్చెను. మనుమడు మందుల వేళలు మాత్రము చదివి చెప్పియుండెను. శిక్షణకు రావలెనను మాట అడుగున ఆంగ్లమున ఒకే పంక్తిలో నున్నది. చదివి చెప్పితిని. "నడవమని నాకెవురూ చెప్పలేదు సారూ, పండుకోమనే అనుకొంటిని" అనెను.

నడచునపుడు రొమ్ము పట్టినట్లున్నను, ఆయాసము మిక్కుటమైనను, తల తిరిగినను వెంటనే నిలిచిపోయి వైద్యునికి తెలుపవలెనని ఆ పంక్తి క్రింద తెలుగున వ్రాసి యిచ్చితిని. అపుడాయన, "మందు కొట్టే డబ్బా వీపున మోయొచ్చునా?" అని అడిగెను. దానికి ఆ కాగితమున జవాబు లేదు. వైద్యునికి చూపుటకై ఆ ప్రశ్నను కాగితము వెనుక ఆంగ్లమున వ్రాసితిని.