దడ తగ్గింది, ముప్పు తగ్గిందా?

గుండె లయ తప్పే జబ్బుల్లో డాక్టర్లు తరచుగా చూసేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఉన్నట్టుండి గుండె దడ మొదలవుతుంది. నాడి పట్టి చూస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఒకేలా ఉండదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి ఒళ్లంతా నీరసం. కొందరిలో ఇవేవీ కనిపించవు. కంటి ఆపరేషన్‌కి ముందు తీసిన ఈసీజీలోనో, షుగర్ కోసం వెళ్లినప్పుడు చేసిన పరీక్షలోనో బయటపడుతుంది. దడ ఉన్నవాళ్లు దాన్నే జబ్బు అనుకుంటారు, అందులో ఆశ్చర్యం లేదు. మందు వాడాక గుండె నెమ్మదిస్తే జబ్బు నయమైందనుకుని మాత్రలన్నీ పక్కన పెట్టేస్తారు. అసలు దడే లేనివాళ్లు మాత్రలు ఎందుకని మొదలే పెట్టరు. ఈ రెండు నిర్ణయాలకూ మూలం ఒకటే పొరపాటు. ఈ జబ్బులో మనిషికి తెలిసే బాధ వేరు, ప్రాణం మీదకొచ్చే ముప్పు వేరు. ఒకదాన్ని తగ్గించే మందు రెండోదాన్ని తగ్గిస్తుందన్న హామీ లేదు.

గుండె పైగదుల్ని కర్ణికలంటారు, కింది గదుల్ని జఠరికలంటారు. మామూలుగా కుడి కర్ణికలోని సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది, ఆ సంకేతానికి గుండె అంతా వరుసగా ముడుచుకుంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికల నిండా క్రమం లేని సంకేతాలు నిమిషానికి 350కి పైగా పుట్టుకొస్తాయి. అన్ని సంకేతాలు అందుకున్న కండరం ముడుచుకోలేక వణుకుతూ ఉండిపోతుంది. రెండు అంతస్తుల మధ్య ఉన్న ఏవీ నోడ్ వాటిలో చాలావాటిని ఆపేసి, కొన్నిటినే కిందికి వదులుతుంది. అవి కూడా అడ్డదిడ్డంగా వెళ్తాయి కాబట్టి నాడి లయ తప్పుతుంది. దడ అంటే ఇదే. అయితే ముప్పు తయారయ్యే చోటు ఇంకొకటుంది. ఎడమ కర్ణికకు ఆనుకుని చిన్న సంచిలాంటి భాగం ఉంటుంది. కర్ణిక ముడుచుకోవడం మానేసరికి ఆ సంచిలో రక్తం కదలకుండా నిలిచిపోతుంది. కదపని పాలు తోడుకున్నట్టు అక్కడే గడ్డకడుతుంది. వాల్వులు బాగున్న రోగుల్లో ఏర్పడే గడ్డల్లో సుమారు 90 శాతం ఈ సంచిలోనివే. ఆ గడ్డ ముక్క ఒకటి ఊడి మెదడు రక్తనాళానికి అడ్డుపడితే పక్షవాతం. గడ్డ కట్టేటప్పుడు నొప్పి ఉండదు, దడ ఉండదు, ముందస్తు సూచన ఏదీ ఉండదు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి సాగుతున్న గుండె అధ్యయనం ఈ ముప్పుకి లెక్క కట్టింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లని 1991లో తేల్చింది. యాభైల్లో ఉన్నవారికి వచ్చే పక్షవాతాల్లో నూటికి ఒకటి రెండే ఈ జబ్బు వల్ల వస్తే, ఎనభైల్లో ఉన్నవారిలో నూటికి 23 దాకా దీని వల్లే. ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే స్కోరుని గమనించండి. వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, ఇదివరకు పక్షవాతం వచ్చిందా, రక్తనాళాల జబ్బు ఉందా అని అడుగుతుంది, ఆడవాళ్లకు ఒక పాయింటు కలుపుతుంది. దడ ఎంత వస్తోంది, ఎన్నిసార్లు వస్తోంది అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. బాధ ఎంతన్నదాన్ని బట్టి ముప్పు ఎంతో చెప్పలేమని వైద్యం ఎప్పుడో ఒప్పుకుంది.

లయను సరిచేస్తే గడ్డలూ కట్టవు కదా అనిపిస్తుంది. తర్కానికి ఇది బాగానే ఉంది. దీన్ని పరీక్షించడానికే 4,060 మందితో అఫర్మ్ అనే అధ్యయనం జరిగింది. ఫలితాలు 2002లో వచ్చాయి. సగం మందికి మందులతో, అవసరమైతే కరెంటు షాకుతో లయను మామూలు స్థితికి తెచ్చే ప్రయత్నం చేశారు. మిగతా సగం మందిలో లయ జోలికి పోకుండా, వేగాన్ని మాత్రం అదుపులో పెట్టారు. లయ సరిచేసిన వర్గంలో మరణాలు తగ్గలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి పక్షవాతాల వివరాల్లో ఉంది. రెండు వర్గాల్లోనూ పక్షవాతం వచ్చినవారిలో ఎక్కువమంది వార్ఫరిన్ మానేసినవాళ్లో, వాడుతున్నా రక్తంలో అది పనిచేసే మోతాదుకి చేరనివాళ్లో. లయ కుదుటపడిందన్న ధైర్యమే కొందరి చేత మందు మాన్పించింది.

కాబట్టి ఈ జబ్బుకిచ్చే మాత్రల్లో ఏది ఏ పని చేస్తుందో విడివిడిగా తెలిసి ఉండాలి. మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ వేగాన్ని తగ్గిస్తాయి. అమియోడరోన్ లయను నిలబెట్టడానికి ఇచ్చేది. థైరాయిడ్‌నీ ఊపిరితిత్తులనీ కాలేయాన్నీ దెబ్బతీయగలదు కనుక పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. వీటిలో ఏదీ గడ్డని ఆపదు. గడ్డని ఆపేవి జనం రక్తం పలచన చేసే మాత్రలనేవి: వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా ఎసిట్రోమ్ పేరుతో దొరికే ఎసినోకుమరాల్, కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్. 2007లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే వార్ఫరిన్ పక్షవాతాల్ని 64 శాతం తగ్గించిందని తేలింది. ఆస్పిరిన్ కోవ మందులు తగ్గించింది 22 శాతమే.

ఆస్పిరిన్ సంగతి ఇక్కడ నిలిచి మాట్లాడాలి. పెద్దవయసువాళ్లకి గట్టి మందెందుకు, ఆస్పిరిన్ చాలులే, అది మెత్తని మందు అన్న నమ్మకం రోగుల్లోనే కాదు, కొందరు వైద్యుల్లోనూ చాలాకాలం ఉంది. 75 ఏళ్లు దాటిన 973 మందితో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2007లో దీన్ని పరీక్షకు పెట్టింది. వార్ఫరిన్ వాడినవారిలో పక్షవాతం వంటి ప్రమాదాలు ఆస్పిరిన్ వాడినవారితో పోలిస్తే సగమే. తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం వార్ఫరిన్‌తో పెరగలేదు. వార్ఫరిన్ పడదనుకున్న 5,599 మందిలో సగం మందికి అపిక్సబాన్, సగం మందికి ఆస్పిరిన్ ఇచ్చిన అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, ఫలితాలు 2011లో వచ్చాయి. అపిక్సబాన్ పక్షవాతాల్ని సగానికి పైగా తగ్గించింది, పెద్ద రక్తస్రావాలు రెండు వర్గాల్లో ఇంచుమించు సమానం. ఆస్పిరిన్ ఇస్తే ఏదో ఒక మందు ఇచ్చామన్న తృప్తి మిగులుతుంది, రక్షణ మిగలదు.

రక్తస్రావం భయం గురించి చెప్పుకోకుండా ఈ వాదన ముందుకు సాగదు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు రక్తం కారడాన్ని పెంచుతుంది. ఆ భయం న్యాయమైనదే. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం, చిన్న దెబ్బకే కమిలిన మచ్చ కనిపిస్తే ఎవరికైనా మాత్ర మానేయాలనిపిస్తుంది. కానీ చిగురు నుంచి కారిన రక్తాన్నీ, చేయీ కాలూ పడిపోవడాన్నీ ఒకే తక్కెడలో పెట్టలేం. నల్లటి విరేచనం, ఆగని రక్తం, తలకు దెబ్బ, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఇవి వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి. మిగతావి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసినవి. ముసలివాళ్లు జారిపడతారేమో, మెదడులో రక్తస్రావం అవుతుందేమో అన్నది ఇంకో అభ్యంతరం. 1999లో కొందరు పరిశోధకులు దీనికీ లెక్క వేశారు. వార్ఫరిన్ వల్ల కలిగే మేలుని నష్టం మించాలంటే ఆ మనిషి ఏడాదిలో సుమారు 295 సార్లు పడిపోవాలి. ఆ తర్వాత వచ్చిన కొత్త మందులు మెదడులో రక్తస్రావాన్ని ఇంకా తగ్గించాయి. నిజంగా దిద్దుకోగలిగిన ప్రమాదం ఇంట్లోనే ఉంది: అదుపు తప్పిన బీపీ, మద్యం, మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు. గడ్డల మందుతో కలిస్తే నొప్పి బిళ్ల కడుపులో రక్తం కారేలా చేయగలదు. భయపడాల్సింది దీనికి.

2002 నాటి అఫర్మ్ మాట ఇంకా పట్టుకుని కూర్చుంటారా అని అడగవచ్చు. నిజమే, లయ వైద్యం అప్పటితో ఆగిపోలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ ఐసగేర్ బృందం 1998లో ఒక గొప్ప విషయం కనిపెట్టింది. ఈ అడ్డదిడ్డపు సంకేతాల్ని రాజేసే బిందువుల్లో అత్యధికం ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే సిరల్లో ఉన్నాయి. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, ఆ సిరల చుట్టూ కణజాలాన్ని మాడ్చి సంకేతాల్ని బయటికి రానివ్వని అబ్లేషన్ చికిత్స ఈ జ్ఞానం మీదే నిలబడింది. గుండె బలహీనపడ్డ కొందరిలో అది ఆయుష్షునూ పెంచింది. జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేయడం మొదలుపెడితే మేలు జరుగుతుందని 2,789 మందితో చేసిన యూరప్ అధ్యయనం 2020లో చూపింది. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణం, పక్షవాతం, గుండె జబ్బుతో ఆస్పత్రి పాలవడం కలిపి చూస్తే 21 శాతం తగ్గాయి. కనుక లయ వైద్యం ఒంటి సుఖం కోసమే అనడం ఈనాడు సరికాదు. కానీ ఆ అధ్యయనంలో రెండు వర్గాలవాళ్లూ దాదాపు అందరూ గడ్డల మందు వాడుతూనే ఉన్నారు. ఆ మేలు మాత్ర మీద అదనంగా వచ్చిందే తప్ప మాత్ర బదులు వచ్చింది కాదు. అబ్లేషన్ తర్వాత ఏడాదికి పైగా లయ తప్పనివాళ్లు మాత్ర ఆపవచ్చేమోనని సూచించే ఫలితాలు దక్షిణ కొరియాలో 840 మంది మీద జరిగిన అధ్యయనంలో 2025లో వచ్చాయి. అది ఆశ కలిగించే కబురు. అయినా అది పరీక్షలు చేసి, స్కోరు చూసి, డాక్టరు తీసుకోవలసిన నిర్ణయం. దడ రావడం లేదు కదా అని ఇంట్లో తీసుకునేది కాదు.

ఇప్పటిదాకా చెప్పిన అధ్యయనాల్లో రోగులు చాలావరకు అరవై, డెబ్భై ఏళ్లవాళ్లు. వాళ్ల జబ్బు బీపీతో, వయసుతో వచ్చింది. మన దేశంలో ఇంకో రకం రోగులున్నారు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, దాని వెనక కీళ్లవాత జ్వరం వచ్చి, అది గుండెలో మైట్రల్ వాల్వుని సన్నబరచి వదిలేస్తుంది. ముప్పై, నలభై ఏళ్లకే ఎడమ కర్ణిక ఉబ్బిపోయి లయ తప్పుతుంది. వీళ్లలో పక్షవాతం ముప్పు ఐదు రెట్లు కాదు, సుమారు 17 రెట్లని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు 1978లోనే లెక్కగట్టారు. వాల్వు బాగా సన్నబడితే స్కోరుతో పనిలేకుండా అందరికీ గడ్డల మందు ఇవ్వాలి. ఏ మందన్నదే ప్రశ్న. కొత్త మందులకి నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదు, ఆకుకూరల పట్టింపు లేదు. పల్లెటూరి రోగికి ఇవే నయమని అందరూ ఊహించారు. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడైన గణేశన్ కార్తికేయన్ ప్రధాన పరిశోధకుల్లో ఒకరుగా, 24 దేశాల్లో 4,500 మందికి పైగా రోగులతో జరిగిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో ఆ ఊహని తలకిందులు చేసింది. రోగుల సగటు వయసు 50, నూటికి 72 మంది ఆడవాళ్లు. రివరోక్సబాన్ వాడినవారిలో 552 మంది చనిపోతే, వార్ఫరిన్ కోవ మందులు వాడినవారిలో 442 మంది. రక్తస్రావం పాత మందుతో ఎక్కువ కాలేదు.

అందుకే వాల్వు సన్నబడి లయ తప్పినవారు పక్కింటివాళ్లు వాడే కొత్త మాత్ర చూసి ఎసిట్రోమ్ మార్చుకోకూడదు. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష ఫలితం 2కీ 3కీ మధ్య ఉండేలా చూసుకుంటూ పాత మందే వాడాలి. గోంగూర, తోటకూర, మునగాకు మానేయనక్కర్లేదు. వాటిలోని కె విటమిన్ ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది కనుక, ఒక వారం పూర్తిగా మాని ఇంకో వారం రోజూ తినకుండా, ఎప్పుడూ ఒకే లెక్కన తింటే మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. గర్భం ధరించాలనుకునే స్త్రీలు ముందుగానే డాక్టరుకి చెప్పాలి. మొదటి నెలల్లో ఈ మందు బిడ్డకి హాని చేయగలదు, అప్పుడు హెపారిన్ ఇంజెక్షన్లకు మారుస్తారు. ఇన్విక్టస్‌లో పాత మందు వాడినవారి ఐఎన్ఆర్ కూడా ఏమంత గొప్పగా లేదు: అధ్యయనం మొదట్లో సరైన హద్దులో ఉన్నవాళ్లు మూడోవంతే, తర్వాత కూడా నూటికి 56 నుంచి 65 మంది. అంత అరకొర అదుపుతోనే అన్ని ప్రాణాలు నిలిచాయంటే, అదుపు మెరుగుపడితే ఇంకెన్ని నిలుస్తాయో ఊహించవచ్చు. వేలి కొసన తీసిన చుక్క రక్తంతో నిమిషాల్లో ఐఎన్ఆర్ చెప్పే చిన్న పరికరాలు ఇప్పటికే ఉన్నాయి. అవి పెద్దాస్పత్రి ల్యాబు దాటి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తే, ఆ పరీక్ష కోసం నెలకో రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోవలసిన అవసరం వాళ్లకి తప్పుతుంది. మందు మానేసేవాళ్లలో కొంతమందైనా మానకుండా ఉంటారు.