మన హాస్టల్ టీవీ రిమోట్ – యూనివర్సల్ రిమోట్ ఎలా ఎంచుకోవాలి? ఎలా వాడాలి?

ఈసారి గోడ పత్రికకు నేను కథ గాని పాట గాని ఇవ్వడం లేదు. మన డైనింగ్ హాల్లో ఉన్న టీవీ రిమోట్ గురించి రాస్తున్నాను. రిమోట్ గురించి రాయడానికి ఏముంటాది అని మీరు నవ్వొచ్చు. కానీ ఆ రిమోట్ వల్ల ఈ జూన్ నెలలో మన ఆరో తరగతి చెల్లి ఒకామె బడి మానేసి వెళ్లిపోబోయింది. అందుకే రాస్తున్నాను. దయచేసి చివరి దాకా చదవండి.

జరిగిన సంగతి

వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు కదా. మొదటి ఆదివారం సినిమా చూద్దామని అందరం చాపలేసుకుని కూర్చున్నాం. రిమోట్ ఎంత నొక్కినా టీవీ వెలగలేదు. కొత్తగా చేరిన ఆ చెల్లి చేతిలో రిమోట్ ఉండగా కొందరు చూశారట. ఇంకేముంది, అందరూ ఆమె మీద పడ్డారు. "ఏటే, నువ్వే కదా పాడు చేసినావు!" అని అరిచారు. ఆ చెల్లిది కొండ మీద ఊరు. ఇంట్లో కువి భాష మాట్లాడతారు. తెలుగు అర్థమవుతాది గాని గబగబా నోట్లోంచి రాదు. తల వంచుకుని నిలబడింది. మాట్లాడలేదు కాబట్టి తప్పు ఆమెదే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. రెండు రోజులు ఆమె సరిగ్గా అన్నం తినలేదు. సంతకి వాళ్ల నాన్న వస్తే ఇంటికి వెళ్లిపోతానని ట్రంకు పెట్టె సర్దేసుకుంది.

మా ఇంట్లో కూడా కువే మాట్లాడతాం. రాత్రి ఆమె పక్కన కూర్చుని మా భాషలో అడిగాను. "అక్కా, దాని వెనక తెల్ల పొడి కారుతోంది. పాడైపోతాదని నా స్కర్టుతో తుడిచాను. అంతే" అంది. పొద్దున్నే ఈ సంగతి పి.ఎస్. సారుకి చెప్పాను.

సారు వరసగా మూడు పరీక్షలు చేశారు. మీరు కూడా గుర్తు పెట్టుకోండి.

1. ముందు టీవీ అడుగున ఉన్న బటన్ నొక్కారు. టీవీ వెలిగింది. అంటే టీవీ మంచిదే.

2. రిమోట్ వెనక మూత తీశారు. లోపలి సెల్లులు కారిపోయి ఉన్నాయి. స్ప్రింగు తుప్పు పట్టి తినేసింది. పొడి గుడ్డతో తుడిచి కొత్త సెల్లులు వేశారు.

3. వార్డెన్ మేడం ఫోన్‌లో ముందు వైపు కెమెరా పెట్టి, రిమోట్ కొనని దానికి చూపించి బటన్ నొక్కారు. మంచి రిమోట్ అయితే ఆ కొనన ఉన్న చిన్న బల్బు ఫోన్ తెర మీద ఊదా రంగులో మిణుకు మిణుకుమంటాది. మనదానికి ఏమీ కనబడలేదు. డిష్ బాక్సు రిమోట్ పెడితే మాత్రం చక్కగా మెరిసింది.

అయిపోయిన సెల్లులు లోపలే వదిలేస్తే అవి కారి రిమోట్‌ని తినేస్తాయని సారు చెప్పారు. ఏప్రిల్‌లో సెలవులకి వెళ్లేటప్పుడు సెల్లులు తీయకుండా రిమోట్‌ని అల్మరాలో పడేసింది ఎవరో తెలుసా? నేనే. అప్పుడు టీవీ లీడర్ని నేనే కదా. ఆ చెల్లి అప్పటికి మన బడిలో చేరనే లేదు. ఈ మాట ప్రేయర్‌లో అందరి ముందు చెప్పాను. సిగ్గుగా అనిపించింది గాని చెప్పాక మనసు తేలికయ్యింది.

రిమోట్ టీవీతో ఎలా మాట్లాడుతుంది?

మన కంటికి కనిపించే కాంతిలో చివర ఎరుపు ఉంటుంది. దాన్ని దాటి కూడా కిరణాలున్నాయని విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1800లో థర్మామీటరుతో కనిపెట్టాడు. వీటిని పరారుణ కిరణాలు అంటారు. రిమోట్ బల్బు నుంచి వచ్చేవి ఇవే. కంటికి కనబడవు గాని ఫోన్ కెమెరాకి కనబడతాయి.

ఎండలో కూడా పరారుణ కిరణాలు ఉంటాయి. మరి టీవీ తేడా ఎలా తెలుసుకుంటుంది? రిమోట్ బల్బు ఊరికే వెలగదు. సాధారణంగా సెకనుకి సుమారు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. టీవీ ఆ లెక్కలో మినుకుమనే కాంతినే పట్టించుకుంటుంది. ఆ మినుకులు కూడా గుంపులు గుంపులుగా వస్తాయి. చాలా రిమోట్లలో గుంపుకీ గుంపుకీ మధ్య తక్కువ ఖాళీ ఉంటే 0, ఎక్కువ ఖాళీ ఉంటే 1. ఇలా సున్నాలు, ఒకట్లతో మాట తయారవుతుంది. అందులో ఒక భాగం "ఈ మాట ఎవరికి" అని చెబుతుంది. ఇంకో భాగం "ఏం చెయ్యాలి" అని చెబుతుంది. కంపెనీ కంపెనీకీ ఈ భాష వేరు. అందుకే డిష్ బాక్సు రిమోట్ నొక్కితే టీవీకి ఏమీ అర్థం కాదు. అది చెవిటిది కాదు, దానికి ఆ భాష రాదు అంతే.

మరి యూనివర్సల్ రిమోట్ అంటే ఏమిటి? మా నాన్న సంతలో పసుపు అమ్మేటప్పుడు చూస్తుంటాను. కొందరు షావుకార్లు మాతో కువిలో మాట్లాడతారు. పక్కవాళ్లతో ఒడియా మాట్లాడతారు. మైదానం నుంచి వచ్చినవాళ్లతో తెలుగు మాట్లాడతారు. యూనివర్సల్ రిమోట్ కూడా అలాంటిదే. చాలా కంపెనీల భాషలు దాని లోపల దాచి ఉంటాయి. ఎవరితో ఏ భాష మాట్లాడాలో మనమే దానికి చెప్పాలి. కానీ లోకంలో ఉన్న భాషలన్నీ ఎవరికీ రావు. రిమోట్‌కి కూడా రావు.

కొంచెం చరిత్ర

1950లో అమెరికాలో జెనిత్ కంపెనీ చేసిన టీవీ రిమోట్‌కి పొడవాటి వైరు ఉండేది. కాళ్లకు తగిలి జనం పడిపోయేవారు. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు టార్చిలైటులాంటి రిమోట్ చేశాడు. దానితో చిక్కేమిటంటే ఎండ పడినా టీవీ దానంతటదే మారిపోయేది. 1956లో రాబర్ట్ ఆడ్లర్ మనకు వినబడని శబ్దంతో పనిచేసే రిమోట్ తెచ్చాడు. లోపల లోహపు కడ్డీలను చిన్న సుత్తి కొట్టేది. దానికి సెల్లే అక్కర్లేదు! తరవాత పరారుణ రిమోట్లు వచ్చాయి. యాపిల్ కంప్యూటర్ కంపెనీని మొదలుపెట్టిన వారిలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో వేరే రిమోట్ల నుంచి నేర్చుకునే యూనివర్సల్ రిమోట్‌ని తెచ్చారు.

కొనేటప్పుడు నేను చేసిన తప్పు

మేడం డబ్బులిచ్చారు. సారుతో పాటు నేనూ పాడేరు వెళ్లాను. దుకాణంలో టీవీ కంపెనీ పేరు ఒక్కటే చెప్పాను. ఆయన అదే పేరు ఉన్న రిమోట్ 150 రూపాయలకి ఇచ్చాడు. హాస్టల్‌కి తెచ్చి నొక్కితే టీవీ ఉలకలేదు, పలకలేదు. ఒకే కంపెనీ టీవీల్లో కూడా రకరకాల రిమోట్లు ఉంటాయని అప్పుడు తెలిసింది. తిరిగి ఇవ్వబోతే "బిల్లు ఉందా?" అన్నాడు. మేము అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ఆ 150 రూపాయలు పోయినట్టే. మా అమ్మకి కూలికి వెళ్తే గాని అంత డబ్బు కనబడదు. నాకు చాలా బాధేసింది. ఇంటికెళ్లి చెబితే తిడతాదనుకున్నాను. కానీ అమ్మ "చదువుకున్నదానివి కదా, ఈసారి రాసుకుని వెళ్లు" అంది. రెండోసారి ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను.

1. టీవీ వెనక చీటీ మీద ఉన్న మోడల్ నంబరు పూర్తిగా రాసుకోవాలి. పాత రిమోట్ కూడా వెంట తీసుకెళ్లాలి.

2. ఏయే వస్తువులకి కావాలో లెక్క పెట్టుకోవాలి. మనకు రెండే – టీవీ, ఫ్రీ డిష్ బాక్సు. నెల నెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో మొదలైంది. దాని బాక్సులు చాలా మంది తయారు చేస్తారు. అందుకే ఒక బాక్సు రిమోట్ ఇంకో బాక్సుకి పనిచేయకపోవచ్చు.

3. రకం చూసుకోవాలి. ఒక రకంలో కోడ్ నంబర్లు ముందే ఉంటాయి. పాత రిమోట్ పోయినా, చచ్చిపోయినా ఇదే కొనాలి. రెండో రకం "లెర్నింగ్" రిమోట్, అంటే నేర్చుకునేది. పాతది బతికి ఉంటేనే దాని దగ్గర నేర్చుకోగలదు. గురువే లేకపోతే శిష్యుడు ఏం నేర్చుకుంటాడు? మన టీవీ రిమోట్ చచ్చింది, బాక్సు రిమోట్ బతికుంది. అందుకని రెండూ చేయగలిగేది తీసుకున్నాం.

4. మాటతో చెప్పే కొత్త టీవీ రిమోట్లు చాలా వరకు బ్లూటూత్‌తో పనిచేస్తాయి. అది రేడియో తరంగం. మామూలు పరారుణ యూనివర్సల్ రిమోట్ ఆ పని చేయలేదు.

5. బటన్లు పెద్దవిగా, అంకెలు చెరిగిపోకుండా ఉండాలి. మామూలు సన్న సెల్లులు పట్టేదైతే మన దగ్గర దొరుకుతాయి.

6. బిల్లు అడగాలి. పనిచేయకపోతే మారుస్తారా అని డబ్బులిచ్చే ముందే అడగాలి.

సెట్ చేసే పద్ధతి

రిమోట్‌తో వచ్చిన కాగితం పారేయకూడదు. ఒక్కో రిమోట్‌కి కొంచెం తేడా ఉంటుంది. మన దానికి ఇలా చేశాం.

టీవీ వేసి ఉంచాలి. "టీవీ" బటన్ నొక్కి, ఎర్ర లైటు నిలకడగా వెలిగే దాకా "సెట్" బటన్ పట్టుకోవాలి. కాగితంలో మన కంపెనీ పేరు ఎదురుగా ఉన్న కోడ్ నంబరు కొట్టాలి. తరవాత పవర్, సౌండు, మెనూ అన్నీ నొక్కి చూడాలి. మాకు మొదటి కోడ్‌కి సౌండు పనిచేసింది, మెనూ రాలేదు. అంటే భాష సగమే కలిసింది. రెండో కోడ్ కొడితే అన్నీ పనిచేశాయి. ఏ కోడూ కుదరకపోతే ఆటో సెర్చ్ ఉంటుంది. రిమోట్ ఒక్కొక్క కోడ్‌నీ వరసగా పంపుతూ పోతుంది. టీవీ ఆరిన వెంటనే ఆపెయ్యాలి. ఓపిక కావాలి.

బాక్సు కోసం పాత రిమోట్‌నీ కొత్తదాన్నీ ఎదురెదురుగా, బల్బుకి బల్బు చూసేలా బల్ల మీద దగ్గరగా పెట్టాం. కొత్తదానిలో ఒక బటన్, పాతదానిలో అదే బటన్ నొక్కుతూ ఒక్కొక్కటీ నేర్పించాం. ఈ పని చేసింది ఎవరనుకున్నారు? మన ఆరో తరగతి చెల్లే. ఒక్క బటన్ కూడా తప్పు పోలేదు.

జాగ్రత్తలు

- సెలవులకి వెళ్లే ముందు సెల్లులు తీసేయాలి. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేయకూడదు.
- కొన్ని రిమోట్లు సెల్లులు తీస్తే కోడ్ మరచిపోతాయి. అందుకని మన కోడ్ నంబరు మూత లోపల చీటీ మీద రాసి అంటించాను.
- కారిన సెల్లుల పొడి ఒంటికి తగిలితే నీళ్లతో కడుక్కోవాలి. సెల్లులు పొయ్యిలో వేయకూడదు, పేలతాయి.
- టీవీ ముందు తువ్వాలు ఆరేయకండి. కిటికీ ఎండ టీవీ మీద నేరుగా పడితే కూడా రిమోట్ సరిగా పనిచేయదు.
- రిమోట్ పలకకపోతే ముందు మూడు పరీక్షలు చేయండి. తరవాతే మనుషుల్ని అడగండి.

ఆఖరి మాట

ఆ సంతకి చెల్లి వాళ్ల నాన్న వచ్చారు. వార్డెన్ మేడం ఆయనతో మాట్లాడారు, నేను కువిలోకి చెప్పాను. పెట్టె మళ్లీ మంచం కిందికి వెళ్లింది. ఇప్పుడు టీవీ లీడర్ ఆ చెల్లే. చానల్ నంబర్లు తెలుగులో గట్టిగా చదువుతుంది.

టీవీకి మన మాట అర్థం కాకపోతే దాని కోడ్ కోసం ఎంతో వెతికాం. పక్కన నిలబడ్డ చెల్లి మాట అర్థం కాకపోతే మాత్రం ఆమెదే తప్పు అనేశాం. ఇకమీదట అలా చేయకూడదని నేను అనుకుంటున్నాను. మీరు కూడా అనుకోండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని