కోడ్ రాసే చేతులు... కొండలెక్కే కాళ్లు!

వారమంతా లిఫ్టులో ఎక్కి, లిఫ్టులో దిగే ఉద్యోగాలు. కుర్చీలోంచి లేస్తే కాఫీ మెషిన్ దాకానే నడక. అలాంటి సైబరాబాద్ వాసులు సెలవు రోజున కోడి కూయకముందే లేచి, బూట్లు బిగించి, రాళ్లూ ముళ్లూ ఉన్న దారుల్ని వెతుక్కుంటూ పరుగెడుతున్నారు. దాని పేరే ట్రెయిల్ రన్నింగ్!

తారు రోడ్డు మీద కాకుండా కాలిబాటల్లో, గుట్టల్లో, చెట్ల మధ్య పరుగెత్తడమే ఈ ఆట. దీని వెనక ఓ గమ్మత్తయిన కథుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మీదుగా వంద మైళ్ల గుర్రపు పందెం జరిగేది. 1974లో గోర్డీ ఎయిన్స్‌లీ అనే రౌతు గుర్రాన్ని పక్కనపెట్టి, తన కాళ్లనే నమ్ముకుని బరిలోకి దిగాడు. 24 గంటల్లోపే పందెం పూర్తిచేశాడు! అదే ప్రపంచ ప్రసిద్ధి చెందిన 'వెస్టర్న్ స్టేట్స్' పరుగుకు నాంది.

మనకేం తక్కువ?

నగరం చుట్టుపక్కల మూడు జాతీయ పార్కులుండటం హైదరాబాద్ అదృష్టం. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో కృష్ణజింకల మహావీర్ హరిణ వనస్థలి. తమాషా ఏంటంటే... ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిందీ, కేబీఆర్ జాతీయ పార్కు హోదా పొందిందీ ఒకే ఏడాది... 1998లో!

ఇక ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ రోడ్డు పరుగే అయినా కొండ పరుగుకు తీసిపోదు. నెక్లెస్ రోడ్డులో మొదలై, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులు దాటి, దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి 42.195 కిలోమీటర్లు. నగరం సగటున సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంటే బంజారాహిల్స్‌లో అది 672 మీటర్ల దాకా వెళుతుంది. పైగా వానాకాలపు ఉక్కపోత. అందుకే దేశంలోని కష్టమైన నగర మారథాన్లలో ఇదొకటని పేరు.

చూపు ముందుకే...

రాళ్ల దారిలో గడియారం చూసుకుని వేగం లెక్కేస్తే లాభం లేదు. రోడ్డు మీద గంటలో వెళ్లే దూరానికి ఇక్కడ గంటన్నర పట్టొచ్చు. పొట్టి పొట్టి అడుగులేయాలి. చూపు కాలి కింద కాదు, నాలుగడుగుల ముందుండాలి. ఎత్తు ఎక్కువైతే నడవడం నామోషీ కాదు, ఆరితేరినవాళ్లూ నడుస్తారు. దిగేటప్పుడే మోకాళ్లు జాగ్రత్త! మొరం మీద జారని పట్టున్న బూట్లు, నీళ్లు, ఓఆర్ఎస్ వెంట ఉండాలి. వానాకాలంలో పొదల్లో కాలు పెట్టొద్దు, పాములుంటాయి. ఒంటరిగా అసలే వద్దు.

జాతీయ పార్కు అంటే మైదానం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే అడవి. నెమళ్లూ ఏదుపందులూ ఇంటివాళ్లు, మనం చుట్టాలం! పాటలు మోగించడం, ప్లాస్టిక్ పారేయడం, అనుమతించిన బాట దాటడం కూడదు.

దారి మిగలాలంటే...

పరుగెత్తే కాళ్లున్నాయి సరే, మరి దారులో? కేబీఆర్ చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టొద్దని 2016లో నగరవాసులు వీధికెక్కారు. 2020లో ఆ పార్కు చుట్టూ పర్యావరణ రక్షణ వలయాన్ని కేంద్రం ఖరారు చేస్తే, దాని వెడల్పు కొన్నిచోట్ల మూడు మీటర్లే! 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు నేలకూలుతుంటే విద్యార్థులు అడ్డంపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది.

ఈ గుట్టల్లోని గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అద్దాల మేడను మూడేళ్లలో కట్టుకోవచ్చు. పగలగొట్టిన బండరాయిని మాత్రం ఏ కంపెనీ తయారుచేయలేదు. ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని పార్కుకు వెళ్లండి. పరుగెత్తకపోయినా ఫర్వాలేదు... నాలుగడుగులు వేస్తే ఆ దారి విలువేంటో వాళ్లకే తెలుస్తుంది!