జ్వరం తగ్గాక మొదలయ్యే ముప్పు

1961లో టోక్యో రెడ్‌క్రాస్ ఆసుపత్రికి నాలుగేళ్ల బాబును తీసుకొచ్చారు. తగ్గని జ్వరం, ఎర్రబారిన కళ్లు, పగిలిన పెదవులు, ఒంటినిండా దద్దుర్లు. పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి ఎంత ఆలోచించినా అది తనకు తెలిసిన ఏ జబ్బుకూ సరిపోలలేదు. బాబు కోలుకున్నాక, రోగం ఏమిటో తేలలేదనే రాసి ఇంటికి పంపాడు. ఏదో ఒక పేరు తగిలించి చేతులు దులుపుకోకపోవడమే ఆయన గొప్పతనం. 1967లో అలాంటి 50 మంది పిల్లల వివరాలు ప్రచురించాడు. అప్పటికి అది దానంతటదే తగ్గిపోయే జబ్బనే నమ్మకం. కోలుకున్నారనుకున్న పిల్లల్లో కొందరు హఠాత్తుగా చనిపోయారని ఆ తర్వాతే బయటపడింది.

ఆయన పేరే పెట్టిన ఈ కవాసాకి వ్యాధిలో దేహరక్షణ వ్యవస్థ సొంత రక్తనాళాల గోడల మీదే విరుచుకుపడుతుంది. ఎక్కువ దెబ్బ తినేవి గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు. వాపుతో గోడ బలం పోయి, నాసిరకం సైకిల్ ట్యూబులా ఒకచోట ఉబ్బుతుంది. ఆ ఉబ్బులో రక్తం నెమ్మదిస్తుంది. సరిగ్గా రెండో, మూడో వారంలో, అంటే జ్వరం దిగి అమ్మానాన్నలు ఊపిరి పీల్చుకునే వేళకు, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా పెరుగుతాయి. ఆ ఉబ్బులో రక్తం గడ్డకడితే పసివాడికీ గుండెపోటు రావచ్చు.

వైద్యం అందకపోతే నలుగురిలో ఒకరికి ఈ ధమనులు దెబ్బతింటాయి. పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కిస్తే ఆ ముప్పు సుమారు 5 శాతానికి పడిపోతుంది. కిలో బరువుకు 2 గ్రాములు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారు కాబట్టి ఖరీదెక్కువే. తోడుగా ఆస్పిరిన్ ఉంటుంది, అదీ వైద్యుడు చెబితేనే. ఈ మందు ఎక్కించాక తట్టు టీకాను సుమారు 11 నెలలు వాయిదా వేయాలి.

చిక్కంతా గుర్తుపట్టడంలోనే. లక్షణాలన్నీ ఒకేరోజు కనబడవు. సోమవారం దద్దుర్లు, బుధవారానికి అవి మాయమై పుసి లేని ఎర్రకళ్లు, ఆపైన ఎర్రటి గరుకు నాలుక, వాచిన అరచేతులు, మెడలో బిళ్ల. సూరత్ మరమగ్గాల దగ్గరకు వలసపోయిన మన కుటుంబాల్లా స్థిరమైన వైద్యుడు లేనివాళ్లు రోజుకో క్లినిక్‌కు తిరిగితే, ఒక్కొక్కరికీ ఒక్కో ముక్కే కనిపిస్తుంది. పసిపిల్లల్లో బీసీజీ టీకా మచ్చ ఎర్రబడటం కూడా మంచి ఆనవాలు. ఆర్నెల్లలోపు బిడ్డల్లో గుర్తులు తక్కువ, గుండెకు ప్రమాదం ఎక్కువ.

పసివాడికి జ్వరం అయిదో రోజుకూ తగ్గకపోతే మొదలైన తేదీ రాసిపెట్టుకోండి. కనబడిన ప్రతి మార్పునూ ఫోన్‌లో ఫొటో తీసి పిల్లల వైద్యుడికి చూపించండి. గుండెకు ఎకో పరీక్ష అవసరమా అని మొహమాటపడకుండా అడగండి.