మీకు తెలుసా? ఫైనల్ లేకుండానే ఇద్దరు విజేతలు

ఐర్లాండ్‌లో కౌంటీ జట్లు ఆడే గేలిక్ ఫుట్‌బాల్ జాతీయ లీగ్‌కు 2021లో ఇద్దరు విజేతలు: కెర్రీ, డబ్లిన్. వాళ్ల మధ్య ఫైనల్ జరగనే లేదు! కోవిడ్ వల్ల ఆ ఏడు లీగ్ మే నెలలో గానీ మొదలు కాలేదు. ప్రయాణాలు తగ్గించడానికి ఒక్కో డివిజన్‌నూ ఉత్తర, దక్షిణ బృందాలుగా విడదీశారు. వెనకే ఆల్ ఐర్లాండ్ ఛాంపియన్‌షిప్ తరుముకొస్తుండటంతో ఫైనల్‌కు తేదీ దొరకలేదు. టైటిల్ పంచేశారు.

ఈ ఆటలో గోల్‌కు మూడు పాయింట్లు, బంతి అడ్డకర్ర పైనుంచి వెళ్తే అప్పట్లో ఒకటి. ఆ లీగ్ సెమీఫైనల్లో కెర్రీ 6 గోల్స్, 15 పాయింట్లు కొట్టింది, అంటే 33. ప్రత్యర్థి టైరోన్‌కు దక్కినవి 17. అంత ఘోరంగా ఓడిన జట్టు కోలుకుంటుందని ఎవరనుకుంటారు? కానీ ఆగస్టులో ఆల్ ఐర్లాండ్ సెమీఫైనల్లో అదే టైరోన్, అదనపు సమయం దాకా పోరాడి ఒక్క పాయింటు తేడాతో కెర్రీని ఇంటికి పంపింది. ఆపై ఫైనల్లో మేయోనూ ఓడించింది. వీళ్లెవరికీ ఆడినందుకు జీతం లేదు. ఉద్యోగాలు, చదువులు చూసుకుంటూనే సొంత కౌంటీ కోసం మైదానంలోకి దిగుతారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.