లక్క రికార్డు మీద ఎవరి గొంతు?

మా ఇళ్లలో గ్రామఫోను లేదు. మా పెద్దలు ఆ పాట విన్నా, ఎవరి అరుగు కిందో దూరంగా నిలబడి విన్నదే. యూనివర్సిటీకి వచ్చాకే మేము ఒక ప్లేటుని చేత్తో పట్టుకున్నాం. మరి ఈ పాత రికార్డులు సేకరించి దాచే పని మనకెందుకు? అది డబ్బున్నవాళ్ల సరదా కదా అని మిత్రులు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. వినైల్ రాకముందు రికార్డంటే లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టే జిగురుని శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి ప్లేట్లు ఒత్తేవాళ్లు. చోటానాగపూర్ అడవుల్లో ఆ లక్కని కొమ్మల నుంచి గీకి తెచ్చింది ఆదివాసులు. గ్రామఫోన్ కంపెనీ 1902లో కలకత్తాలో పాటలు పట్టింది. 1908లో అక్కడే ఫ్యాక్టరీ పెట్టింది. అంటే ప్లేటులో అట్టడుగువాళ్ల చెమట మొదట్నుంచీ ఉంది. గొంతు సంగతేమిటి?

పది అంగుళాల ప్లేటు ఒకవైపు సుమారు మూడు నిమిషాలు పలుకుతుంది. నాటక పద్యం అందులో పడుతుంది, సినిమా పాట పడుతుంది. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యవంతులు పాడే కథ పట్టదు. అది రాత్రుల తరబడి సాగేది. మాల కన్నమదాసు, చాపకూడు ఉన్న కథ అది. అదే కథని 1947లో 'పల్నాటి యుద్ధం' సినిమాగా తీస్తే పాటలకి ప్లేట్లలో చోటు దొరికింది. ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథ మాత్రం 1970లలో జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు టేపు మీద పడితే, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. ఏ గొంతు నిలవాలో కొంత యంత్రమూ, కొంత మార్కెట్టూ తేల్చాయన్నమాట.

రెండో సంగతి జాషువాది. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన రాసిన శ్మశానవాటి పద్యాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర' నాటకంలో కాటిసీనులోకి చేరాయి. పద్యం నోటికొచ్చి కవి పేరు తెలియనివాళ్లు మన ఊళ్లలో ఎందరో. కాబట్టి కాటిసీను ప్లేటు దొరికితే, చీటీ మీదున్నది ఎక్కించుకుని ఊరుకోకూడదు. మొత్తం విని, ఏ పద్యం ఎవరిదో విడివిడిగా రాయాలి. పాత సామాన్ల కొట్లో తూకానికి పోయే ప్లేటులో మన కవి ఉండొచ్చు.

ఇక దాచే పద్ధతి. లక్క ప్లేటు కిందపడితే పగులుతుంది, ఎండ తగిలితే వంగుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, కాగితపు కవరులో పెట్టి నిలువుగా ఉంచాలి. స్పిరిటుతో తుడవొద్దు, లక్క కరుగుతుంది. డిస్టిల్డు నీళ్లలో ఒక చుక్క మెత్తటి సబ్బు వేసి, చీటీ తడవకుండా కడిగి వెంటనే ఆరబెట్టాలి. పాత స్టీలు ముల్లుతో పదేపదే వేస్తే గాడి అరుగుతుంది. 78 స్పీడున్న కరెంటు యంత్రం మీద, ఎల్.పి. ముల్లుకి సుమారు మూడింతల వెడల్పుండే ముల్లుతో ఒకసారి వేసి, కుదించని డిజిటల్ ఫైలుగా ఎక్కించాలి. గరగర తీసేసిన కాపీ వేరే చేసుకోవచ్చు, అసలుది అలాగే ఉంచాలి. చీటీ నంబరు, చీటీ పక్కన ప్లేటులోనే చెక్కిన నంబరు రెండూ రాసుకోవాలి.

దీనితో సగం పనే అవుతుంది. మాచర్లలోనో గురజాలలోనో ఆ పాట విన్న ముసలివాళ్లు ఉంటే, వాళ్ల దగ్గర కూచోండి. పెట్టె ఎవరిది, కీ ఎవరిచ్చేవాళ్లు, మనవాళ్లు ఎక్కడ నిలబడి విన్నారు అని అడిగి, ఆ మాటల్ని కూడా రికార్డు చేసి ప్లేటు నంబరు పక్కనే చేర్చండి. ప్లేటుకైతే ఇంకో ప్రతి ఎక్కడన్నా దొరకొచ్చు. ఆ ముసలమ్మ గొంతుకి రెండో ప్రతి లేదు.